తెర లేవకముందు జరుగు ఆట

నాటకము ఎప్పుడు ఆరంభమగునని అడిగినచో, తెర లేచినప్పుడని ఎల్లవారును చెప్పుదురు. తెరముందు కూర్చున్నవారికి అది నిజమే. తెరవెనుక నిలిచినవారికి తెలిసిన నిజము వేరు. మేము బళ్ళారిలో గుమాస్తా ఉద్యోగము చేసికొనుచు, ఇరువదియైదేండ్లకు పైగా మా తెలుగు సమాజపు నాటకములకు ప్రాంప్టరుగా పనిచేసితిమి. వేషమునకు తగిన రూపముగాని, పద్యమునకు తగిన కంఠముగాని భగవంతుడు మాకు ఇయ్యలేదు. ప్రతి చేతబట్టుకొని, పక్కతెర మరుగున నిలిచి, మరచినవారికి మాట అందించుటయే మాకు దక్కిన భాగ్యము.

ఆ చోటినుండి చూచుచుండగా ఒక సంగతి మాకు బోధపడెను. కొన్ని రాత్రులు అందరును పాఠము చక్కగా వచ్చినవారే అయినను నాటకము నిలువదు. ఎవరి పద్యము వారు పాడి, ఎవరి చప్పట్లు వారు పుచ్చుకొని పోవుదురు. మరికొన్ని రాత్రులు పాఠము సగమే వచ్చినను, ఒకడు తడబడినచో పక్కవాడు ఆదుకొనును. నాటకము ఏరువలె సాగిపోవును. ఈ భేదము ప్రతిభవలన కలిగినది కాదు. గంట కొట్టుటకు ముందరి అరగంట ఆ బృందము ఎట్లు గడపినదో, దానినిబట్టి కలిగినది. ఒక మూల అద్దము కొరకు పోట్లాట, మరొక మూల టీ రాలేదని అలుక ఉన్న రాత్రి ఎట్లుండునో మేము ముందే చెప్పగలిగెడివారము.

అష్టావధానమును తెలుగువారు ఎరుగుదురు. అందు ఒక మనుజుడు తన మనస్సును ఎనమండుగురికి పంచియిచ్చును. నాటకము దానికి తలక్రిందులు. ఎనమండుగురి మనస్సులు అక్కడ ఒక్కటి కావలెను. ఆ ఐకమత్యము ఉపన్యాసముచేతగాని, మందలింపుచేతగాని కలుగదు. దానికి లోకమున పలువురు పలు ఉపాయములు కనుగొనిరి. ఆ ఉపాయములలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది ఒకటి, పరదేశమునకు వలసవచ్చి స్వభాషకు దూరమగుచున్నవారి బిడ్డల నడుమ పెరిగినది. మనవంటి వారికి ఆ కథ తెలియవలసియున్నది. కావున మాకు తెలిసినంతమేర వ్రాయుచున్నాము.

విఘ్నములు, పూర్వరంగము

మొదట మన ఇంటి సంగతి చూతము. భరతుని నాట్యశాస్త్రమున 1వ అధ్యాయములో తొలి నాటక ప్రదర్శనపు కథ కలదు. దేవతల గెలుపును ప్రదర్శించుచుండగా అసురులకు కోపము వచ్చెనట. విఘ్నములను వెంటబెట్టుకొని వచ్చి, వారు నటుల మాటను, చేష్టను, జ్ఞప్తిని స్తంభింపజేసిరట. అంతట ఇంద్రుడు తన ధ్వజదండమైన జర్జరముతో వారిని కొట్టి తరిమెనట. కథగా చదివినచో ఇది పురాణము. ప్రాంప్టరు కన్నులతో చదివినచో ప్రతి రాత్రియు జరుగునదే. మాట రాదు, చేయి కదలదు, పాఠము గుర్తుకు రాదు. సభాభీతియనబడు ఆ మూడు లక్షణములను శాస్త్రకారుడు ఏనాడో చెప్పియుంచెను.

ఆ గ్రంథముననే 5వ అధ్యాయము పూర్వరంగమునకు సంబంధించినది. పూర్వరంగపు అంగములలో మొదటి 9 అంగములు తెరలోపలనే జరుగవలెనని విధి. వాద్యములను వాని వాని చోట్ల ఉంచుట ప్రత్యాహారము. గాయకులు వచ్చి కూర్చుండుట అవతరణము. గొంతు సవరించి ఆలాపము మొదలిడుట ఆరంభము. వాద్యములను సిద్ధపరచుకొనుట ఆశ్రావణ. వాయించు రీతులను ఒకమారు చూచుకొనుట వక్త్రపాణి. తంత్రులను సవరించుట పరిఘట్టన. తాళమునకు చేతిని అలవరచుట సంఘోటన. తంత్రీవాద్యములును మద్దెలలును కలిసి మ్రోయుట మార్గాసారితము. కాలప్రమాణములను చూచుకొనుట ఆసారితము. ఈ వరుసను గమనింపవలెను. మొదట ఎవరి చోటున వారు కూర్చుందురు. పిమ్మట ఎవరి పనిముట్టును వారు సవరించుకొందురు. తుదకు అందరును ఒకే కాలమునకు లోబడుదురు. ప్రేక్షకుడు చూడనేచూడని ఈ పనిని శాస్త్రకారుడు తొమ్మిది పేర్లు పెట్టి విధించెను. ఇది తీరికగలవారి కాలక్షేపము కాదనుటకు అంతకన్న సాక్ష్యము ఏమి కావలెను?

శాస్త్రమున ఉన్నది గ్రామములలో వేరు వేరు రూపులు దాల్చెను. కూచిపూడివారి ప్రదర్శనమున నాందికి ముందు పుణ్యజలము చల్లుట, ముగ్గుపెట్టుట, ధూపదీపములు చూపుట, ఇంద్రధ్వజము పట్టుట అను విధులు కలవు. బాలురు వీనిని చేయుచుండగానే ఆటస్థలము వారికి స్వాధీనమగును.

తంజావూరు సీమలోని మేలట్టూరు భాగవతమేళమును మన సంపుటమున తలపకుండుట తగదు. అచ్యుతప్ప నాయకుడు 510 కుటుంబములకు ఇండ్లును భూములును దానమిచ్చెనని అక్కడివారు పరంపరగా చెప్పుకొందురు. ఆ గ్రామముననే మేలట్టూరు వేంకటరామశాస్త్రి ప్రహ్లాద చరిత్రము మొదలగు తెలుగు నాటకములను రచించెను. చుట్టును తమిళము మాటాడు సీమలో నేటికిని నృసింహ జయంతికి ఆ నాటకములను తెలుగులోనే ఆడుచున్నారు. తొలుత పొడవైన టోపీతో కోణంగి వచ్చి గంతులువేసి నవ్వించును. తోడయమంగళము పాడుదురు. ఏనుగు ముఖము ధరించి ఒక చిన్న బాలుడు గణపతిగా వచ్చును. పెద్దలు కఠినమైన కథలోనికి పోవుటకు ముందు, బాలుని ఆటయు నవ్వును అందరిని ఒకచోట చేర్చును. కన్నడ సీమ కడలితీరమున ఆడు యక్షగానమునందును ఇట్టిదే కలదు. అక్కడ పూర్వరంగమున కోడంగి వేషములు వేయువారు మేళమున కొత్తగా చేరిన బాలురు. అడుగు తప్పినను ఎవరును తప్పుపట్టని వేళను వారికి ఇచ్చి, వారిని రంగస్థలమునకు అలవాటు చేయుదురు.

మా బళ్ళారి సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగెదము. ధర్మవరము రామకృష్ణాచార్యులుగారు (1853–1912) న్యాయవాదులు. వారి సరసవినోదిని సభవారు 1886 ప్రాంతమునుండి నాటకములాడిరి. కోలాచలము శ్రీనివాసరావుగారును న్యాయవాదులే. వారిది సుమనోరమ సభ. బళ్ళారి రాఘవగారు (1880–1946) కూడ న్యాయవాదులే. పగలు కచేరీలో ఒకరికొకరు ఎదురువాదము చేసినవారు రాత్రి ఒకే రంగస్థలమున ఏకము కావలసియుండెను. నాటకము పొట్టకూటి వృత్తి కానివారికి ఈ ఏకీభావమే మొదటి సమస్య. మనకును అదే సమస్య.

పడమటి దేశములలో

పడమటి దేశములలో ఈ ప్రశ్నను కొత్తగా లేవనెత్తినవారిలో రష్యా దేశీయుడు స్టానిస్లావ్‌స్కీ ముఖ్యుడు. 1898లో మాస్కో ఆర్ట్ థియేటరును స్థాపించినవారిలో ఆయన ఒకరు. 1912లో యువనటుల శిక్షణకై ఫస్ట్ స్టూడియో అను శాఖను నెలకొల్పెను. నటుడు ప్రేక్షకుల చీకటిని తలచుకొని బెదరక, తన చుట్టునున్న చిన్న వలయముపై మనస్సు నిలుపవలెనని, అభ్యాసము కుదిరినకొలది ఆ వలయమును పెంచుకొనుచు పోవలెనని ఆయన బోధించెను. ఫ్రాన్సులో జాక్ కొపో 1913లో తన నాటకశాలను తెరచుటకు ముందు, ఆ వేసవిలో బృందమునంతటిని నగరమునుండి పల్లెకు తీసికొనిపోయి, ఆరుబయట వ్యాయామములు, పఠనము, అభ్యాసములు చేయించెను. నటుడు మరల బాలునివలె ఆడుట నేర్వవలెనని ఆయన తలచెను.

అయినను వీరందరును నటులకొరకు ఆలోచించినవారు. నటులుకాని సామాన్యుల బిడ్డలకొరకు ఆలోచించినవారి కథ షికాగో నగరమున నడచెను.

హల్ హౌస్

1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అను ఇరువురు స్త్రీలు షికాగోలోని హాల్‌స్టెడ్ వీధిలో ఒక పాత భవనమును తీసికొని, పేదల నడుమ కాపురముండి వారికి తోడ్పడ నిశ్చయించిరి. ఆ భవనమే హల్ హౌస్. చుట్టుప్రక్కల వీధులలో ఇటలీ, గ్రీసు, జర్మనీ, రష్యా, పోలండు, బొహీమియా మొదలగు దేశములనుండి కూలికై వచ్చినవారు నివసించుచుండిరి. ఒక వీధి మాట మరొక వీధికి తెలియదు. బిడ్డలు బడిలో ఇంగ్లీషు నేర్చి, ఇంట తలిదండ్రుల మాటకును వేషమునకును సిగ్గుపడసాగిరి.

ఈ సిగ్గును గూర్చి జేన్ ఆడమ్స్ 1910లో ప్రకటించిన తన అనుభవముల గ్రంథమున ఒక ఉదంతము చెప్పెను. వలసవచ్చిన పెద్దల చేతిపనులను చూపుటకై హల్ హౌస్‌లో ఒక ప్రదర్శనశాల ఉండెడిది. ఒక ఇటాలియను తల్లి అక్కడ వారమువారము కదురుతో నూలు వడికి చూపెడిది. ఆమె కుమార్తె ఏంజెలీనా వంట నేర్చుకొనుటకు అక్కడికే వచ్చుచు, తలకు గుడ్డ కట్టుకొన్న తల్లితో కనబడుట ఇష్టములేక వేరొక గుమ్మమున లోనికి పోయెడిది. ఒకనాడు అక్కడికి చూడవచ్చినవారు తల్లి పనితనమును మెచ్చుకొనుచుండగా ఆ పిల్ల చూచెను. పిమ్మట జేన్ ఆడమ్స్ ఆ తల్లి పుట్టిన పల్లెను గూర్చి, అక్కడి జీవనమును గూర్చి పిల్లకు చెప్పెను. ఆ తరువాత ఆ పిల్ల తల్లితోకూడ ఒకే గుమ్మమున రాసాగెను. ఈ చిన్న కథ చదివినప్పుడు మాకు కన్నీరు వచ్చెను. మన ఇండ్లలో అట్టి రెండు గుమ్మములు లేవని ఎవరు చెప్పగలరు?

హల్ హౌస్‌లో నాటకశాలయు ఉండెను. అక్కడ 1903లో గ్రీకు వలసదారులే సోఫోక్లీసు రచించిన ఏజాక్స్ నాటకమును గ్రీకు భాషలో ఆడిరి. పగలు వీధులలో పండ్లమ్ముకొనువారని లోకము చిన్నచూపు చూచిన జనము ఆ రాత్రి ఒక ప్రాచీన నాగరికతకు వారసులుగా నిలిచిరి.

బాయిడమ్మ, స్పోలినమ్మ

హల్ హౌస్‌లో ఆటలద్వారా బిడ్డలకు సంఘజీవనము నేర్పవచ్చునని పూనుకొన్న ఉపాధ్యాయిని నీవా బాయిడ్ (1876–1963). ఆమె పలు దేశముల జానపద క్రీడలను, నృత్యములను సేకరించి ప్రకటించెను. వానిని నేర్పుటకు కార్యకర్తలను తయారుచేసెను. ఆట ఆడునప్పుడు బిడ్డ తనంత తాను నియమమునకు కట్టుబడును, ఎదుటివానిని గమనించును, ఓటమిని సహించును. ఇవి బెత్తముచేత రావు అని ఆమె నమ్మకము.

ఆమె శిష్యురాలే వయోలా స్పోలిన్. ఈమె 1906లో షికాగోలో జన్మించెను. రష్యానుండి వలసవచ్చిన యూదు కుటుంబము. ఇంట బంధువులందరును చేరి పాటలతో, అభినయపు ఆటలతో ప్రొద్దుపుచ్చుట చూచుచు పెరిగెను. 1924 మొదలు కొన్ని సంవత్సరములు బాయిడ్ వద్ద శిక్షణ పొందెను. అమెరికాలో ఆర్థికమాంద్యము వచ్చి కోట్లమంది పనిలేక అలమటించిన కాలమున, ప్రభుత్వము 1935లో ఒక ఉపాధి సంస్థను స్థాపించెను. 1939 ప్రాంతమున స్పోలిన్ ఆ సంస్థ షికాగోలో నడపిన వినోద కార్యక్రమమునకు నాటక పర్యవేక్షకురాలయ్యెను.

అక్కడ ఆమె ఎదుర్కొన్న చిక్కు మనము నిత్యము ఎదుర్కొనుచున్నదే. ఎదుటనున్నవారు నటులు కారు. వారి భాషలు వేరు, ఆచారములు వేరు. ఒకనికి గొంతు పెగలదు. మరొకనికి నోరు మూతపడదు. వారికి నటనాశాస్త్రము ఉపన్యసించి ప్రయోజనమేమి? కనుక ఆమె బాయిడ్ వద్ద నేర్చిన ఆటలను ముందిడుకొని, నాటకమునకు పనికివచ్చు కొత్త ఆటలను కల్పింపసాగెను. ప్రతి ఆటయందును తీర్పవలసిన ఒక చిన్న సమస్య ఉండును. ఆడువారందరి మనస్సును ఆ సమస్యపై నిలువవలెను. అంతమాత్రముచేత బెదురు తనంత తానే తొలగును. తన్ను గూర్చి తలచుకొనుటకు వానికి తీరిక దొరకదు.

ఆ ఆటలలో కొన్నింటిని వర్ణించెదము. ఇరువురు ఎదురెదురుగా నిలుతురు. ఒకరు మెల్లగా చేయి ఎత్తుదురు. మరొకరు అద్దములోని నీడవలె అట్లే ఎత్తవలెను. కొంతసేపటికి వారు మారుదురు. తుదకు ఎవరు ముందో ఎవరు వెనుకో చూచువారికే కాక ఆడువారికిని తెలియకుండపోవును. ఇంకొక ఆటలో అందరును వలయముగా నిలిచి, లేని బంతిని ఒకరికొకరు విసరుకొందురు. బంతి బరువయినదా తేలికయినదా అన్నది విసరినవాని ఒంటిని చూచి పట్టుకొనువాడు గ్రహింపవలెను. మరియొకటి, లేని త్రాటితో చేయు త్రాటిపోటీ. ఒక జట్టు లాగినంత మరొక జట్టు ఒరుగవలెను. అందరును గెలువబూనినచో త్రాడే తెగును. వేరొకటి, అర్థములేని పలుకులతో సంభాషించుట. మాటకు అర్థము లేకపోయినను గొంతు, కన్ను, చేయి చెప్పినదానిని ఎదుటివాడు తెలిసికొనవలెను. పలు భాషల బిడ్డలు కూడిన చోట ఈ ఆట ఎట్టి సమానత్వమును కల్పించునో ఊహించుకొనుడు. అక్కడ భాష బాగుగా వచ్చినవాడు లేడు, రానివాడును లేడు.

ఆట నడుచుచుండగా గురువు ఆపి తప్పులెన్నదు. పక్కన నిలిచి, బంతిని చూడుము, పక్కవానిని వినుము అని ఒకటి రెండు మాటలు మాత్రము అందించుచుండును. మెప్పునకై ఎదురుచూచుట, నిందకు వెరచుట అను రెండును మనిషిని కట్టిపడవేయునని స్పోలిన్ సిద్ధాంతము. కనుక ఆమె పద్ధతిలో బాగుగా చేసితివి అనుటయు లేదు, చెడగొట్టితివి అనుటయు లేదు. ఆట ముగిసినపిమ్మట, బంతి మనకు కనబడెనా లేదా అని మాత్రము అందరును కలిసి మాటాడుకొందురు.

ఆమె 1946లో హాలీవుడ్డులో బాలనటుల బృందమునొకదానిని స్థాపించి 1955 వరకు నడపెను. ఆ యేడు షికాగోకు మరలివచ్చి, ఆమె కుమారుడు పాల్ సిల్స్ పాలుపంచుకొనిన కంపాస్ బృందమునకు ఈ ఆటలను నేర్పెను. ఆ బృందము వ్రాసిన నాటకము లేకుండ అప్పటికప్పుడు కల్పించి ఆడెడిది. 1959లో సిల్స్ మొదలగువారు సెకండ్ సిటీ అను నాటకశాలను తెరచిరి, అది జగత్ప్రసిద్ధమయ్యెను. 1963లో స్పోలిన్ తన అనుభవమునంతయు ఇంప్రొవైజేషన్ ఫర్ ది థియేటర్ అను గ్రంథముగా ప్రకటించెను. నాటి నుండి అది నాటకోపాధ్యాయులకు చేతిపుస్తకమయినది. 1994లో ఆమె పరమపదించెను.

పిమ్మట వ్యాపించిన తీరు

బ్రెజిల్ దేశమున అగస్తో బోల్ (1931–2009) ఇట్టి ఆటలను పీడితుల మేలుకొలుపునకు ఉపయోగించెను. ఆయన ఆటలలో ఒకదానియందు ఒకడు తన అరచేతిని ఎదుటివాని ముఖమునకు జానెడు దూరమున పట్టి కదలించును. ఎదుటివాడు ఆ దూరము చెడకుండ ఒడలంతయు వంచుచు వెంబడించును. పిమ్మట పాత్రలు మారుదురు. నడపుట ఎట్టిదో, నడపబడుట ఎట్టిదో ఇరువురికిని తెలియును. మన దేశమున వంగీయుడు బాదల్ సర్కార్ (1925–2011) వృత్తిచేత ఇంజనీరు. ఆయన 1967లో శతాబ్ది అను బృందమును స్థాపించి, 1970 దశకమున తెరయు వేదికయు లేని తృతీయ రంగస్థలమును ప్రచారము చేసెను. ఆటలతో, ఒండొరులపై విశ్వాసము పెంచు అభ్యాసములతో కూడిన శిక్షణ శిబిరములే ఆయన పనికి పునాది. మా కన్నడ రాష్ట్రమున శివమొగ్గ జిల్లా హెగ్గోడు గ్రామమున 1949లో వెలసిన నీనాసం సంస్థ, 1980లో నాటక శిక్షణశాలను నెలకొల్పెను. అట్టి సంస్థలలో చదివి వచ్చిన యువకులవలన ఈ ఆటలు మావంటి ఊళ్ళకును చేరినవి.

మా తప్పు

ఇక మా సమాజమున జరిగిన దానిని దాచక చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట ఉగాదికి పిల్లలచేత నాటిక ఆడించుటకు పూనుకొంటిమి. పిల్లలు తెలుగువారి బిడ్డలే. బడిలో ఇంగ్లీషు, వీధిలో కన్నడము. పాఠమును కొందరు కన్నడ లిపిలో, కొందరు ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనిరి. పదేండ్ల పాప ఒకతె అత్తగారి వేషమున, అన్నము తింటిరా అని అడుగవలసిన చోట, ఊట చేసినారా అని అడిగెను. కన్నడమున ఊట యనగా భోజనము. మా నోరు ఊరకుండలేదు. తల్లీ, ఊట బావిలో ఉండును, పళ్ళెములో ఉండునది అన్నము, అంటిమి. అందరును విరగబడి నవ్విరి. మేమును నవ్వితిమి, చక్కని మాట అంటిమని సంతోషించితిమి కూడ. ఆ పాప నవ్వలేదు. మరునాడు రాలేదు. ఆ తరువాతను రాలేదు. ఆ నాటికలో తక్కిన పిల్లలును పాఠమును అప్పచెప్పిరేగాని, ఒకరితో నొకరు మాటాడినట్లు లేదు. వారి కన్నులు ఎదుటివారిపై గాక, పక్కతెర మరుగున ప్రతి పట్టుకొనియున్న మాపై నిలిచియుండెను.

మరుసటి యేడు పిల్లల నాటిక మానివేయుదమని కార్యవర్గమున కొందరు పలికిరి. పెట్టెలు కట్టు సమయమున, సభ్యుల మనుమడొకడు, నాటకశిక్షణ పొందినవాడు, సెలవులకు వచ్చి, నాకు పదునైదు దినములు ఇండు అనెను. మొదటి మూడు దినములు అతడు ప్రతిని తెరువనేలేదు. అద్దపు ఆట, లేని బంతి, అర్థములేని పలుకులు, ఇవే ఆడించెను. పెద్దలు లోనికి రావచ్చును, కాని ఆడవలెను, ఊరక కూర్చుండి చూచుట కూడదు అని నియమము పెట్టెను. మా కార్యదర్శిగారు పంచె ఎగగట్టి లేని త్రాటిని లాగుచుండగా పిల్లలు మొదటిసారి ఆయనను మనిషిగా చూచిరి.

మూడవ దినమున ఆ పాప తన తమ్ముని దిగవిడుచుటకు వచ్చి గుమ్మమున నిలిచెను. లోనికి రమ్మని ఎవరును పిలువలేదు. వలయములోని పిల్లవాడొకడు లేని బంతిని ఆమె వైపునకు విసరెను. ఆమె చేతులు వాటంతట అవే లేచి దానిని పట్టుకొనెను. పట్టినదానిని తిరిగి విసరవలెను గదా. విసరుటకు లోనికి వచ్చెను.

ఆ ఉగాదికి నాటిక ఆడుచుండగా ఒక బాలుడు మాట మరచెను. మేము ప్రతిలో వరుస వెదకి అందించులోపలనే ఆ పాప తన సొంత మాటలతో సందర్భమును అందించెను. అందొక కన్నడ పదము ఉండెను. మా నోటికి దిద్దుబాటు వచ్చెను, మ్రింగితిమి. బాలుడు అందుకొనెను, నాటిక సాగెను. అంతకుముందు ఎన్నడును నాటికలో మా అవసరము అంత తక్కువగా లేదు. ఆ రాత్రి మేము ఆ పాపవద్దకు పోయి, ఆనాడు నవ్వుట మా తప్పు తల్లీ, అంటిమి. ఆమె తల ఊపి మిఠాయి కొరకు పరుగెత్తెను.

ఆటలచేత తెలుగు వచ్చునని మేము చెప్పుటలేదు. అక్షరములు దిద్దవలెను, పద్యములు వల్లెవేయవలెను, ఇంట తెలుగు మాటాడవలెను. ఇవి లేక ఏ ఆటయు భాషను నిలుపజాలదు. కాని బెదరిన నోటికి ఏ భాషయు రాదు. బెదురును తీర్చినపిమ్మటనే తప్పును దిద్దుటకు తావు కలుగును. మనవారు తరతరములుగా తప్పులెన్నుటలో ఆరితేరినవారు; పిల్లలకు తెలుగు రాలేదని వగచు మనమే, వచ్చిన నాలుగు మాటలను పలికినప్పుడు నవ్వుచున్నాము.

మన పెట్టెలోని ఆటలు

షికాగో ఆటలనే తెచ్చుకొననక్కరలేదు. నీవా బాయిడ్ చేసినది పలు దేశముల జానపద క్రీడలను ఏరుటయే గదా! చెమ్మచెక్క ఆడు ఇరువురి అరచేతులు ఒకే లయలో తాకవలెను. ఒప్పులకుప్పలో చేతులు పెనవేసికొని వెనుకకు వ్రాలి తిరుగుదురు. ఒకరు వదలినచో ఇరువురును పడుదురు. విశ్వాసమనగా ఏమో దానికన్న తేటగా నేర్పు ఆట ఏది? జడకోలాటమును చూడుడు. పైన కట్టిన త్రాళ్ళ కొనలను తలకొకటి పట్టుకొని, ఒకరి వెలుపలినుండి ఒకరు, ఒకరి లోపలినుండి ఒకరు పోవుచు ఆడుచుండగా పైన జడ అల్లుకొనును. పిమ్మట ఎదురుగా ఆడి దానిని విప్పవలెను. ఒక్కరు వరుస తప్పినను జడ చిక్కుపడును. అల్లినదానిని విప్పుటలోనే నేర్పంతయు ఉన్నది. ఎంతటి ఉద్దండుడయినను ఒక్కడు జడకోలాటము ఆడలేడు.

బెంగుళూరు, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము, ఎక్కడివారైనను సరే, ఈ సంపుటము చదువు సమాజములవారికి ఒక మనవి చేసికొందుము. ఈ యేడు పిల్లల నాటిక అభ్యాసమునకు కూర్చున్నప్పుడు, ప్రతి తెరచుటకు ముందు పదునైదు నిమిషములు వలయముగా నిలిచి ఆడుడు. ఆ పదునైదు నిమిషములు ఎవరి తెలుగును ఎవరును దిద్దరాదు. తలిదండ్రులు గోడవెంబడి కూర్చుండక వలయములోనికి రావలెను. అవ్వలకు తెలిసిన ఆటలను అవ్వలే నేర్పవలెను. మనుమరాలు అవ్వతోకూడ ఒకే గుమ్మమున లోనికి రావలెను.

మేము ఇప్పుడును ప్రాంప్టరుగానే ఉన్నాము. కన్ను కొంత మసకబారినది; ప్రతిని దీపమునకు దగ్గరగా పట్టుకొనవలసి వచ్చుచున్నది. అయినను గంట కొట్టుటకు ముందు ప్రతిని బల్లపై పెట్టి, పిల్లల వలయమున మా చోటున పోయి నిలుచుచున్నాము. లేని బంతి మా వంతునకు వచ్చినప్పుడు, నిజము చెప్పవలెనన్న, ఇప్పటికిని ఒక్కొక్కప్పుడు జారవిడుచుచున్నాము. పిల్లలు నవ్వరు. మరల విసరుదురు.